గడప మీద అడిగిన మాట

శామీర్‌పేట నుండి మేడ్చల్‌కు పోయే రోడ్డు పక్కన, గాలివాటును బట్టి కోళ్లఫారాల వాసన వచ్చిపోయే ఒక కాలనీలో, రేకుల కప్పు వేసిన ప్రార్థన మందిరం ఒకటి ఉన్నది. ఆ మందిరానికి ఎవరూ రాసిపెట్టని నియమం కూడా ఒకటి ఉన్నది. జబ్బు నుండి లేచినవారు గాని, ప్రమాదం నుండి బయటపడినవారు గాని, దూరదేశం పోయి తిరిగివచ్చినవారు గాని, తొలి ఆదివారమే సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పవలెను. ఆ సాక్ష్యానికి ఒక నడక ఉన్నది. మొదట కష్టం, పిదప కన్నీటి ప్రార్థన, చివరకు విడుదల. కష్టం చెబుతున్నంతసేపు సంఘం స్తోత్రం అంటుంది. విడుదల దగ్గర హల్లెలూయ అంటుంది. చెప్పేవారు నడుమ ఎక్కడ ఆగిపోయినా, మిగిలిన దానిని సంఘమే పూరించుకోగలదు.

కృపమ్మ మస్కట్ నుండి తిరిగివచ్చినప్పుడు ఈ నియమం ఆమెకూ వర్తించింది.

కృపమ్మ పుట్టినది మచ్చ బొల్లారంలో. మేడ్చల్ చుట్టుపక్కల కొత్తగా లేచే ఇళ్లకు రంగులు వేసే దానియేలుకు ఇచ్చి పెళ్లి చేశారు. ఆమెకు దేవుడిచ్చిన ఆస్తి గొంతు ఒక్కటే. ఆమె పాట ఎత్తుకుంటే మైకు దండగ అని సంఘస్థులు అనేవారు. దానియేలు పరంజా మీద నుండి పడి కాలు విరగ్గొట్టుకొని మంచం పట్టిన తరువాత, గొంతుతో ఇల్లు గడవదని ఆమెకు తెలిసివచ్చింది. అప్పుడు దారి చూపినవాడు బెన్నీ.

బెన్నీ మందిరంలో కీబోర్డు వాయించేవాడు. అల్వాల్‌లో ట్రావెల్స్ అన్న బోర్డు తగిలించిన గది ఒకటి అతనికి ఉన్నది. తెల్లచొక్కా, మెత్తని మాట, పెద్దలు కనబడితే లేచి నిలబడే వినయం కలవాడు. మందిరంలోని స్పీకర్లు అతడు సమర్పించినవే. అటువంటివాడు ఇంటిపని అని చెప్పి పంపితే అనుమానించవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

అతడు చెప్పినది అబద్ధం కూడా కాదు. ఇంటిపనే. అయితే ఒక ఇల్లు అన్నాడు. పోయి చూస్తే మేడం ఇల్లు ఒకటి, ఆమె కూతురి ఇల్లు మరొకటి, రెండింటికీ చీపురు ఒక్కటే, అది పట్టే చేయి ఒక్కటే. పాస్‌పోర్టు మేడం బీరువాలోకి పోయింది. ఫోను సొరుగులోకి పోయింది. వీధి తలుపు తాళంచెవి మేడం మెడలోని గొలుసుకు చేరింది. కృపమ్మకు వంటగది వెనుక బియ్యం బస్తాల నడుమ పడక చూపించారు. జీతం మీ ఏజెంటుకు ముట్టింది అన్నారు. పోతాను అంటే, నిన్ను కొనుక్కున్నాము, ఎక్కడికి పోతావు అన్నారు. ఆ మాట అరబ్బీలో అన్నా ఆమెకు అర్థమయింది. అటువంటి మాటలకు భాష అడ్డం రాదు.

మొదటి వారంలో అంట్లు తోముతూ అలవాటు చొప్పున ఒక స్తుతి గీతం అందుకున్నది. మేడం వచ్చి చెంప మీద కొట్టి వెళ్లింది. అటుపిమ్మట కృపమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. మసాలా నూరే మిక్సీ తిరుగుతున్నంతసేపు పాడుకునేది. మిక్సీ ఆగితే పాట ఆగవలెను. అందువల్ల ఆ ఇంట్లో ఆమె ఏ చరణాన్నీ చివరిదాకా పాడుకున్నది లేదు.

కూతురి ఇంట్లో చొక్కా మాడినందుకు అదే ఇస్త్రీపెట్టెను మోచేతి మీద పెట్టారు. ఆ పుండు మానక, జ్వరం తగ్గక, ఆమె పనికి పనికిరాకుండా పోయింది. అప్పుడు ఒక మధ్యాహ్నం, సంచి సర్దుకొమ్మన్నారు. ఆమె గడప దగ్గరికి వచ్చేసరికి, అవతల మరొక స్త్రీ నిలబడి ఉన్నది. నూనె రాసి బిగించి దువ్విన తల, మణికట్టుకు ఎర్రదారం, చేతిలో కొత్త సంచి. కృపమ్మ నోటి వెంట ‘ప్రభువా’ అన్న మాట వినబడగానే ఆ స్త్రీ ముఖం వెలిగింది.

“అక్కా, మనోళ్లేనా! గీళ్లు మంచోళ్లేనా అక్కా?”

కృపమ్మ నోరు తెరిచింది. మేడం ఒక చేతితో ఆమెను లోపలికి లాగింది, మరొక చేతితో కృపమ్మను బయటకు నెట్టింది. తలుపు పడింది. జవాబు కృపమ్మ నోటిలోనే మిగిలిపోయింది.

తిరిగివచ్చిన ఆదివారం ఆమె సంఘం ఎదుట నిలబడి, “దేవుడు నన్ను తీసుకొచ్చిండు,” అన్నది. ఆ తరువాత మాట పెగలలేదు. బెన్నీ కీబోర్డు మీద మెల్లగా ఒక వరుస అందుకున్నాడు. స్త్రీలు కొంగులు కళ్లకు ఒత్తుకున్నారు. పాస్టరు జాన్సన్ అయ్యగారు ఆమె కన్నీటిని కృతజ్ఞతగా ఎంచి, ఆమెను విడిపించుటకు దేవుడు బెన్నీ తమ్ముడిని సాధనంగా వాడుకున్నాడని ప్రకటించి, బెన్నీకి శాలువా కప్పారు. కృపమ్మ ముందు వరుసలో కూర్చుండి అది చూసింది.

ఆమె ఊరకుండలేదు. కర్ర పట్టుకొని నడుస్తున్న భర్తను వెంటబెట్టుకొని ఠాణాకు పోయింది. నిన్ను పంపినది ఎవరు అని అక్కడి అధికారి అడిగాడు. బెన్నీ అన్నది. తిరిగి తెచ్చినది ఎవరు అని అడిగాడు. బెన్నీ అనవలసివచ్చింది. “మరింకేంది తల్లీ, పోయి దండం పెట్టుకో,” అన్నాడు.

అటుపిమ్మట ఆమె శామీర్‌పేట దగ్గరి కోళ్లఫారంలో గుడ్లు ఏరే పనిలో కుదిరింది. మందిరానికి పోయేది గాని పాట ఎత్తుకునేది కాదు. ఎవరైనా బలవంతం చేస్తే రెండు పాదాలు పాడి, తలుపు వంక చూసి ఆగిపోయేది. గల్ఫు నీళ్లకు గొంతు పోయిందని అందరూ జాలిపడ్డారు.

ఇట్లుండగా, ఒక సాయంత్రం చెల్లెలు రోజీ మిఠాయి డబ్బాతో వచ్చింది.

“అక్కా, నోరు తీపి జేసుకో. మా షైనికి వీసా ఒచ్చింది. మస్కటే. పసిపోరన్ని ఆడిచ్చుడే పనట. బెన్నీ తమ్ముడే జూసిండు.”

కృపమ్మ డబ్బా ముట్టలేదు. “పంపకు రోజీ.”

“ఎందుకు పంపొద్దు? నువ్ పోయిననాడు నేనేమన్న అడ్డమొచ్చిననా?”

“పోయిన గనకనే చెప్తున్న.”

“పోయినవ్, ఒచ్చినవ్. కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయ్ గదా! నిన్ను తెచ్చిన దేవుడు నా బిడ్డను తేడా? నీ ఒక్కదానికేనా దేవుడు?”

తల్లి వెనుకనే వచ్చిన షైని పకపకా నవ్వింది. ఇంటరు అయిన తరువాత ఆ పిల్ల మేడ్చల్‌లో మందుల డబ్బాలు ప్యాకింగ్ చేసే కంపెనీలో చేరింది. చిన్ననాటి నుండి కృపమ్మ ఒడిలో పెరిగిన పిల్ల; కృపమ్మకు బిడ్డలు లేని లోటు తీర్చిన పిల్ల.

“పెద్దమ్మా, గా డబ్బాలకు సీలేసి సీలేసి నా బొటనవేలు సుత గోలీ లెక్కనే అయ్యింది, సూడు. గీడ ఉంటే ఇంతే నా బతుకు. నీ సాక్ష్యం నాకింక యాదున్నది. నువ్ ఏడుస్తాంటే అందరేడ్సిండ్రు. గట్ల ఒక్కపారన్న నేను సుత మైకు పట్టుకోని నిలబడాలె.”

కృపమ్మకు అప్పుడు తెలిసింది, తాను చెప్పని మాటలు కూడా తన పేరు మీద చెలామణిలో ఉన్నవని.

మరునాడు కోళ్లఫారంలో, పక్కవరుసలో గుడ్లు ఏరే మైసమ్మతో ఈ సంగతి చెప్పుకున్నది. మైసమ్మ శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవారి ఇంటి కోడలు. నోరు పెద్దది, మనసు మంచిది.

“ఓ కిరపమ్మా, గుడ్డు పలిగిందని నాకు జెప్తె ఏం ఫాయిదా? ట్రే మోసేటోనికి జెప్పాలె. మీ మందిరంల అందరి ముంగట జెప్పు. మీకు మైకు సుత ఉండె. మా పోచమ్మ గుడి కాడ గది సుత లేదు.”

ఆదివారం షైని ప్రయాణం కొరకు ప్రత్యేక ప్రార్థన పెట్టారు. కృపమ్మ లేచి, నేను మాట్లాడుత అయ్యగారూ అన్నది. జాన్సన్ అయ్యగారు సంతోషించి తామే మైకు అందించారు. బెన్నీ కీబోర్డు మీద వేళ్లు పెట్టాడు.

“నేను గాడికి పోయినంక నా పాస్‌పోర్టు గుంజుకున్నరు,” అన్నది కృపమ్మ.

“స్తోత్రం,” అన్నది సంఘం.

“బయట తాళమేసేటోళ్లు. రెండిండ్ల పని. తిండి వాళ్లు తిన్నంక మిగిలితేనే.”

“స్తోత్రం, స్తోత్రం.”

“పాట పాడితే కొట్టిండ్రు.” ఆమె చేయి పైకెత్తి, రవిక చేతి కింద నల్లగా తేలిన ఇస్త్రీపెట్టె మచ్చను చూపించింది. “గిది కాల్చింది. నన్ను కొన్నమన్నరు. పశువును కొన్నట్టు కొన్నమన్నరు.”

కీబోర్డు ఒక మెట్టు ఎక్కింది. ముందు వరుసలోని ముసలామె కళ్లు మూసుకొని చేతులెత్తింది. కృపమ్మ ఎంత కఠినమైన మాట అంటే, అంత గట్టిగా స్తోత్రం వచ్చింది. కష్టం ఎంత లోతైనదైతే విడుదల అంత గొప్పదని వారందరూ ఎరుగుదురు. ఆ విడుదల కొరకు ముందుగానే చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకొని కూర్చున్నారు. ఆమె ఆ సంగతి గ్రహించి తొట్రుపడి ఆగింది. ఆగినదే తడవుగా అయ్యగారు మైకు అందుకున్నారు.

“చూశారా ప్రియులారా! ఇంత శ్రమలో నుండి మన సహోదరిని బయటికి తీసుకొచ్చిన దేవుడు, మన షైనిని కాపాడలేడా?”

“హల్లెలూయ!”

రేకులు అదిరినవి. షైని మోకాళ్ల మీద వంగి ఉన్నది. లేచినప్పుడు ఆ పిల్ల ముఖంలో అంతకు మునుపున్న కొద్దిపాటి బెదురు కూడా లేదు. పరుగున వచ్చి పెద్దమ్మను కౌగిలించుకున్నది. “మస్తు ధైర్నమొచ్చింది పెద్దమ్మా,” అన్నది.

మరునాడు మైసమ్మ అడిగింది. “జెప్పినవా?”

“జెప్పిన.”

“ఏమన్నరు మరి?”

“చప్పట్లు గొట్టిండ్రు.”

మైసమ్మ చేతిలోని గుడ్డును ట్రేలో పెట్టింది. “గంత మంచిగెందుకు జెప్పినవే?” అన్నది.

ప్రయాణం నాడు మధ్యాహ్నం రోజీ ఇంటి ముందు కారు వచ్చి నిలిచింది. లోపలి గదిలో షైని కొత్త సూట్‌కేసు పక్కన నిలబడి ఉన్నది. అయ్యగారు తలమీద చేయి ఉంచి ప్రార్థన ముగించారు. బెన్నీ గడియారం చూసుకొని, జల్దీ కానియ్యమన్నాడు. అప్పుడు కృపమ్మ గుమ్మంలో నిలబడింది.

“బెన్నీ, షైని ఎవరింట్ల పనిచేస్తది?”

“పరేషాన్ గాకు ఆంటీ. గది కొత్తిల్లేం గాదు. నీకెరుకైన ఇల్లే. నువ్ పనిచేసిన మేడమే. ఇప్పుడు ఆమెకు మన్మడు పుట్టిండు.” అతడు అది ఆమెకు ఊరట కలిగించే వార్త అనుకొనే చెప్పాడు.

“గా ఇంట్ల ఇప్పుడొకామె ఉండాలె గదా. ఎర్రదారం కట్టుకున్నామె.”

“దుర్గమ్మ. నాగారమామె. పానం మంచిగుంట లేదట, ఒక్కతీర్గ ఏడుస్తదట. షైని గాడ దిగితేనే ఆమెను ఇడుస్తరు. నిన్ను సుత గట్లనే గదా ఆంటీ తెచ్చింది. ఒకళ్లను పెట్టంది ఇంకొకళ్లను ఎట్లిడుస్తరు?”

ఆ సంగతి కృపమ్మ గడప మీద కళ్లారా చూసినదే. అయినా దానిని ఒకరు ఇంత మామూలుగా, బస్సులో సీటు మారినట్టుగా చెప్పగా వినడం అదే మొదలు.

ఆమె అయ్యగారి వైపు తిరిగింది. ఏడవలేదు, చేయి చూపించలేదు. గడప దగ్గర ఆ స్త్రీ నిలబడిన తీరు, నూనె రాసిన తల, కొత్త సంచి, ఆమె అడిగిన మాట, తలుపు పడిన చప్పుడు, అంతవరకే చెప్పింది. “గంతే,” అన్నది. “ఇగ దీనికి ముందటేం లేదు.”

అందరూ ఇంకా ఏదో వస్తుందని చూశారు. అయ్యగారే తడుముకుంటూ అందుకున్నారు. “అయినప్పటికీ అమ్మా, ప్రభువు నిన్ను విడిపించి...”

“విడిపియ్యలే అయ్యగారూ. మార్చిండ్రు. ఖాళీ సిలిండర్ ఇస్తే నిండుది దించిపోతరు సూడుండ్రి, గట్ల. నేను ఖాళీది.”

ఆ మాటకు స్తోత్రం అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అక్కడ కీబోర్డు లేదు. వీధిలో కారు ఇంజను తిరుగుతున్న శబ్దం ఒక్కటే వినబడుతున్నది.

షైని పెద్దమ్మకు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ పిల్ల తల కూడా నూనె రాసి బిగించి దువ్వి ఉన్నది.

“మరి గిప్పుడు జెప్పు పెద్దమ్మా. గాళ్లు మంచోళ్లేనా?”

“కాదు బిడ్డా,” అన్నది కృపమ్మ. “మంచోళ్లు కాదు.”

షైని వెనక్కి నడిచి సూట్‌కేసు మీద కూర్చున్నది. బెన్నీ రెండుసార్లు పిలిచాడు. తల్లి రెక్క పట్టి లేపబోయింది. లేవలేదు.

“ఊరందరికి జెప్పుకున్న గదనే! ఇగ మొకం ఎట్ల జూపియ్యాలె?” అని రోజీ అక్క మీద విరుచుకుపడింది. “నీ కండ్లు సల్లబడ్డయా?”

బెన్నీ కోపం తెచ్చుకోలేదు. కారు ఎక్కబోతూ కృపమ్మతో నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు. “ఇగ దుర్గమ్మ గాడనే ఉంటది ఆంటీ. గది నువ్ జేసిందే.”

షైని ఉండిపోయిన సంతోషం కృపమ్మకు ఆ మాట పడే వరకే నిలిచింది. 

తరువాతి ఆదివారం షైని కోరిక నెరవేరింది. మైకు ఇచ్చి నిలబెట్టారు. ఆ పిల్ల వెడలకుండా ఆపినది దేవుడే అని అయ్యగారు వివరించగా, సంఘం హల్లెలూయ అన్నది. కీబోర్డు వాయించినది బెన్నీయే. అతడిని దిగిపొమ్మని ఎవరూ అనలేదు. అన్ని పాటలకూ వరుస తెలిసినవాడు ఆ సంఘంలో మరొకడు లేడు. స్పీకర్లు కూడా అతనివే. అయ్యగారితో కృపమ్మ ఒంటరిగా మాట్లాడింది. ఆయన, ప్రార్థనలో పెడదాం అమ్మా అన్నారు. ఠాణాకు మళ్లీ పోయింది. నీ చెల్లెలి బిడ్డ పోనే లేదు గదా, మరి ఫిర్యాదు దేని మీద అన్నారు.

వానలు మొదలైన తరువాత ఒక ఆదివారం, మందిరం మెట్ల దగ్గర బెన్నీయే ఆమెను పలకరించాడు.

“ఇగ నీ మనసు సల్లగుంటది ఆంటీ. దుర్గమ్మ ఒచ్చేసింది. నాగారంల వాళ్లింట్ల ఇయ్యాల పోచమ్మకు మొక్కు తీరుస్తుండ్రు. మస్తు దావత్. నన్ను సుత పిలిచిండ్రు.”

“ఎట్లొచ్చింది?”

“ఎట్లొస్తది? గాజులరామారంల ఒక పిల్ల దొరికింది.”

“పేరేంది?”

“యాదికి లేదు ఆంటీ. దినాం ఎంతమందిని జూస్త.”

కృపమ్మ ఇంటికి పోలేదు. బస్సులు మారి నాగారం చేరుకొని, డప్పుల మోత వినబడుతున్న గల్లీ పట్టుకొని పోయింది. టెంటు వేశారు, పొయ్యిల మీద మాంసం ఉడుకుతున్నది. ముందు వరుసలో బెన్నీ విస్తరి ముందు కూర్చున్నాడు. ఆడబిడ్డను ఇల్లు చేర్చిన పుణ్యాత్ముడని ఇంటి పెద్ద అతని మెడలో కండువా వేస్తున్నాడు. ఇక్కడ స్తోత్రం లేదు, పోచమ్మతల్లి చల్లని చూపు ఉన్నది. తక్కినదంతా అదే నడక.

దుర్గమ్మ మందిలో లేదు. ఇంటి వెనుక, నీళ్ల డ్రమ్ము పక్కన పీట వేసుకొని కూర్చున్నది. మణికట్టు మీది దారం రంగు వెలిసి తెల్లబడి ఉన్నది. ఆమె తల ఎత్తి, వచ్చినది ఎవరో గుర్తించింది. ఏడవలేదు, తిట్టలేదు. పీట మీద కొంచెం జరిగి చోటు ఇచ్చింది.

కృపమ్మ పక్కన కూర్చుండి అడిగింది. “నీ ఎన్క ఒచ్చిన పిల్ల ఏమన్న అడిగిందా?”

“మంచోళ్లేనా అని అడిగింది.”

“నువ్వేమన్నవ్?”

“నాకు ఎరుకనే గదక్కా, గా తలుపు ఎంత జల్దీ వడ్తదో. నువ్ నోరు తెరిచేలోపట వడ్డది. అందుకని నేను జవాబు చెప్పలే. నీ పేరేంది అని అడిగిన. రక్షిత అన్నది. గంతల వడ్డది.”

ముందు నుండి ఎవరో కేక వేశారు. “ఓ దుర్గమ్మా! ఏడ సచ్చినవే? దండేస్తం, రా!”

దుర్గమ్మ లేచింది. దండ వైపు పోలేదు. డ్రమ్ము చాటున విడిచిన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నది.

“గాజులరామారం పెద్ద బస్తీ గదక్కా. రక్షితలు మస్తు మంది ఉంటరు.”

“ఉంటరు,” అన్నది కృపమ్మ. “బిడ్డ మస్కట్ పోయిన తల్లి ఎవలో, మందిని అడుగుదాం. గుడి కాడ అడుగుదాం, మందిరం కాడ అడుగుదాం.”

“దొరికితే ఏం జెప్తం గా తల్లికి?”

కృపమ్మ పీట మీద నుండి లేచింది. ఇద్దరూ వెనుక సందులో నుండి రోడ్డు మీదికి నడిచారు. డప్పులు వెనుక మోగుతూనే ఉన్నవి. ఆ మోత సాగుతున్నంతసేపు కృపమ్మ గొంతులో, ఎవరికీ వినబడకుండా, పాత పాట ఒకటి కదిలింది. రెండవ పాదం సగానికి వచ్చేసరికి డప్పులు ఆగినవి. ఆమె కూడా ఆగింది.